దివ్యాంగుల పెన్షన్: నోటీసు చేతికొచ్చాక

2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పథకం కింద దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 అయింది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 5,000 నుంచి 15,000కు పెరిగింది. డబ్బు పెరిగిన వెనకే తనిఖీ వచ్చింది. 2025లో డాక్టర్లు మళ్లీ పరీక్షించి శాతాలు తిరగరాశారు, ఆగస్టులో నోటీసులు మొదలయ్యాయి. ఈసారి మాకందిన ఉత్తరాలు దాదాపుగా అన్నీ వాటి గురించే.

ప్రశ్న: నాకు ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. పాత సదరం (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే) సర్టిఫికెట్లో 45 శాతం ఉంది. ఇప్పుడు 30 అని రాసి, పెన్షన్ రద్దని నోటీసు ఇచ్చినారు. పోయిన కన్ను మళ్లీ వచ్చిందా? చొప్ప మిషన్లో కుడిచేతి వేళ్లు రెండు కూడా పోయినాయి. దాన్ని ఎవరూ అడగనే లేదు. (ఎమ్మిగనూరు)

జవాబు: మీ కోపం న్యాయమే కానీ, కంటి వరకు చూస్తే కొత్త లెక్కే సరైనది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం, అద్దాలతో సరిచేశాక మంచి కంటి చూపు 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచే కనిపించడం) లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే, రెండో కన్ను పూర్తిగా పోయినా ఇచ్చేది 30 శాతమే. పెన్షన్‌కు కావలసింది 40. కాబట్టి కన్ను ఒక్కదాని మీదే అప్పీలుకు వెళ్తే మళ్లీ అదే 30 వస్తుంది.

మీకు దారి చూపేది ఆ వేళ్లే. రెండు వైకల్యాలు ఉన్నప్పుడు శాతాలను నేరుగా కూడరు. పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. కంటికి 30, చేతికి 20 అనుకుందాం. 90లో 30 పోతే 60. దాన్ని 20తో గుణిస్తే 1,200, 90తో భాగిస్తే 13.3. మొత్తం 43 దాటింది. చేతికి ఎంత ఇవ్వాలన్నది ఎముకల డాక్టరు వేళ్లు ఎక్కడిదాకా తెగాయి, పిడికిలి పట్టు ఎంత అని చూసి తేలుస్తారు. 15 వచ్చినా సరిగ్గా 40 అవుతుంది. అంతకు తగ్గితే మాత్రం చాలదు.

మరి మొదట ఎందుకు చూడలేదు? సదరం పరీక్షకు తేదీ ఇచ్చే స్లాట్ నమోదులో 'చూపు' అని ఒక్క రకమే పడితే, మిమ్మల్ని కంటి డాక్టరు దగ్గరికే పంపుతారు. ఆయన చేయి చూడరు, అది ఆయన పని కాదు. ఈసారి అప్పీలు అర్జీలోనే రెండు వైకల్యాలూ రాయండి. స్లాట్ ఒకటి కంటే ఎక్కువ వైకల్యాల కింద పడిందో లేదో రసీదు మీద చూసుకున్నాకే కౌంటరు వదలండి.

మంచి కంటికి పొర వస్తోందా? ఆ కంటి చూపు 6/24కు తగ్గితే లెక్క 60 శాతానికి పోతుంది. అయితే ఆపరేషన్‌తో బాగయ్యే చూపును శాశ్వత వైకల్యంగా రాయరు, శతకోటి అర్జీలు పెట్టినా.

ప్రశ్న: అప్పీలు ఎవరికి ఇవ్వాలి? సచివాలయంలో ఇస్తే చాలంటున్నారు. (ప్రొద్దుటూరు)

జవాబు: నోటీసు సచివాలయం నుంచి వచ్చినా, అప్పీలు వెళ్లాల్సింది పల్లెల్లో ఎంపీడీవోకు, మీలాంటి పట్టణాల్లో మున్సిపల్ కమిషనరుకు. నోటీసు అందిన 30 రోజుల్లోగా ఇవ్వాలి. అందుకే నోటీసు మీద సంతకం చేసేటప్పుడు పక్కన తేదీ వేయండి. తేదీ లేని సంతకంతో గడువు ఎప్పటినుంచో ఎవరూ చెప్పలేరు. నోటీసు, పాత సదరం, కొత్త సదరం, ఆధార్, ఆసుపత్రి కాగితాలు, అన్నింటికీ జిరాక్సులు జతచేయండి. అసలైనవి ఎవరి చేతికీ వదలొద్దు. అర్జీ రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అప్పీలు పెట్టుకున్నవారికి పెన్షన్ ఆపబోమని ప్రభుత్వం చెప్పింది కాబట్టి, 1వ తేదీన డబ్బు రాకపోతే చూపించాల్సింది ఆ ముద్ర కాగితమే. స్లాటుకు గాని, శాతానికి గాని డబ్బు అడిగేవాడు దళారి.

ప్రశ్న: మా నాయనకు పక్షవాతం. 15,000 వచ్చేది, 6,000కు తగ్గించినారు. చేతికర్రతో బాత్రూం దాకా పోతాడు, అంతే. (గుంతకల్లు)

జవాబు: చేతికర్రతో నడుస్తారంటే నిబంధన ప్రకారం 6,000 కిందికే వస్తారు. 15,000 అనేది మంచం దిగలేనివారికీ చక్రాల కుర్చీ లేనిదే కదల్లేనివారికీ. ఒకరు పట్టుకుంటేగాని లేవలేరంటే మాత్రం అప్పీలు చేయండి. డిశ్చార్జి కాగితం, మెదడు స్కాన్ రిపోర్టు, ఫిజియోథెరపీ చీటీలు పెట్టండి. తనిఖీ బృందం ఇంటికొచ్చినప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: మర్యాద కోసం పెద్దాయనకు కొత్త చొక్కా తొడిగి, ఇద్దరు ఎత్తి కుర్చీలో కూర్చోబెడతారు. చూసేవాళ్లకు కూర్చున్న మనిషి కనిపిస్తాడు, ఎత్తిన ఇద్దరూ కనిపించరు. మంచం మీదే ఉండనివ్వండి. పక్కకు తిరగగలరా, మూత్రానికి పైపు ఉందా, పుండ్లు పడ్డాయా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. కాలి వైకల్యం 35 శాతమే అన్నారు. మొత్తం పోయినట్టేనా? (పులివెందుల)

జవాబు: లేదు. 60 దాటి 40 శాతం లోపు వచ్చినవారిని వృద్ధాప్య పెన్షన్‌లోకి మార్చమని ఆదేశాలున్నాయి, నెలకు 4,000. ఆధార్లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోండి.

ప్రశ్న: సదరం ఉండగా యూడీఐడీ కార్డు ఎందుకు? (తాడిపత్రి)

జవాబు: సదరం మన రాష్ట్రానిది, యూడీఐడీ దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు. కార్డు మీద 40 శాతం లోపు తెల్ల గీత, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. స్వావలంబన్ వెబ్‌సైట్లో దరఖాస్తు చేయాలి. ఆధార్లో ఇంటిపేరు ముందుండి సదరంలో వెనకుంటే అక్కడే ఆగిపోతుంది. పేరు ఒకేలా చేయించుకున్నాకే దరఖాస్తు పెట్టండి.