చలికాలపు రాత్రులకు ఏ పుస్తకం? గ్రంథపాలకురాలి జవాబులు

చలికాలంలో చదవడానికి గ్రంథపాలకులు తమ సొంత ఇష్టంతో ఏ పుస్తకాలు సూచిస్తారో తెలుసుకోవాలని కొందరు పాఠకులు మాకు ఉత్తరాలు రాశారు. చాలా ఏళ్ళుగా గ్రంథాలయంలో పనిచేస్తున్న ఒక గ్రంథపాలకురాలు వాటికి ఇక్కడ జవాబులిస్తున్నారు.

ప్రశ్న: ప్రతి చలికాలంలోనూ ఒక పెద్ద నవల మొదలుపెట్టి, వంద పేజీల దగ్గర ఆపేస్తున్నాను. ఈసారైనా పూర్తిచేయగలిగిన పుస్తకం, ఈ కాలానికి తగినది, ఏదైనా చెప్పగలరా?

జవాబు: పెద్ద నవలే చదవాలన్న పట్టుదలను ముందుగా విడిచిపెట్టండి. రాత్రులు పొడవైనంత మాత్రాన పుస్తకం కూడా లావుగా ఉండాలన్న నియమమేమీ లేదు. నేను దాదాపు ప్రతి చలికాలంలోనూ తిరిగి చదివేవి మూడు చిన్న రచనలు. మూడింటినీ కలిపి చదివినా రెండు రాత్రులకు మించి పట్టదు.

మొదటిది టాల్‌స్టాయ్ 1895లో ప్రచురించిన పెద్ద కథ, ‘యజమాని-సేవకుడు’. ఒక వ్యాపారి అడవి ముక్కను ఇతరులకంటే ముందుగా, చవకగా కొనాలన్న ఆత్రంతో, మంచు తుపాను మొదలవుతున్నా లెక్కచేయక నికీతా అనే పనివాడిని వెంటబెట్టుకొని బయలుదేరతాడు. దారి తప్పి ఒకే ఊరికి రెండుసార్లు చేరుకున్నప్పటికీ, ఆ రాత్రికి అక్కడే ఆగిపొమ్మని ఊరివారు చెప్పినప్పటికీ, బేరం చేజారిపోతుందన్న భయం అతణ్ణి నిలవనివ్వదు. మంచులో చిక్కుకున్న తరువాత ఆ ఇద్దరి మధ్య ఏమి జరుగుతుందో నేను చెప్పను. అయితే, మనిషి ఒంటి వేడికి ఉన్న విలువను అంత సూటిగా చెప్పిన కథ మరొకటి నాకు తెలియదు.

రెండవది చెహోవ్ 1886లో రాసిన చిన్న కథ. కొడుకు చనిపోయి వారం కూడా తిరగని అయోనా అనే గుర్రబ్బండివాడు, కురుస్తున్న మంచులో తెల్లగా ముద్దకట్టి కూర్చొని, తన దుఃఖం ఎవరికైనా చెప్పుకోవాలని చూస్తూంటాడు. ఎక్కినవారెవరూ వినరు. చివరికి అతని మాట వినేదెవరో తెలిసిన తరువాత ఆ రాత్రి మరొక కథ చదవబుద్ధి కాదు.

మూడవది జాక్ లండన్ రాసిన, నిప్పు రాజేయడం గురించిన కథ. దీనికి రెండు రూపాలున్నాయి. 1902లో బాలల కోసం రాసిన దానిలో మనిషి బతుకుతాడు. 1908 నాటి, అందరికీ తెలిసిన రూపంలో బతకడు. అంత చలిలో ఎవరూ ఒంటరిగా ప్రయాణించకూడదని అనుభవజ్ఞుడైన ఒక ముసలివాడు ముందే హెచ్చరించినా, అతడు కుక్కను మాత్రమే వెంట తీసుకొని నడుస్తాడు. ఈ మూడింటినీ నేను చెప్పిన వరుసలోనే చదవమని ప్రత్యేకంగా కోరుతున్నాను. మొదటి కథలో పక్కన ఒక మనిషి ఉన్నాడు, రెండవ దానిలో ఎందరో ఉండి కూడా వినేవాడు లేడు, మూడవ దానిలో అసలు ఎవరూ లేరు. చలి ఒకటే అయినా, పక్కనున్నవారిని బట్టి దాని తీవ్రత ఎలా మారిపోతుందో అప్పుడు మీకే స్పష్టమవుతుంది.

ప్రశ్న: నాకు కల్పన రుచించదు. నిజంగా జరిగిన విషయాలే చదువుతాను. మీరు ఎవరికైనా చేతికిచ్చి మరీ చదవమని చెప్పే పుస్తకం ఏది?

జవాబు: ఆప్స్‌లీ చెర్రీ-గరార్డ్ 1922లో ప్రచురించిన అంటార్కిటికా యాత్రా కథనం. ‘ప్రపంచంలోకెల్లా ఘోరమైన ప్రయాణం’ అని దాని పేరుకు అర్థం. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రాబృందంలో ఆయన ఒక సభ్యుడు. పేరులోని ప్రయాణం మాత్రం ధ్రువానికి చేసినది కాదు. ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం చేసినది. ఆ పక్షులు నడి శీతాకాలంలో గుడ్లు పెడతాయి. వాటి పిండాలను పరిశీలిస్తే పక్షులకూ సరీసృపాలకూ ఉన్న సంబంధం తెలుస్తుందని ఆనాటి శాస్త్రజ్ఞులు ఆశించారు. అందుకని 1911 జూన్ చివరిలో, సూర్యుడు ఉదయించని రోజుల్లో, విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అనే ముగ్గురు తమ బండ్లను తామే లాక్కుంటూ బయలుదేరి, సున్నాకు దిగువన 60 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయిన చలిలో, అయిదు వారాలు గడిపి వచ్చారు. మంచు తుపానుకు గుడారం ఎగిరిపోయింది, అదృష్టం కొద్దీ మళ్ళీ దొరికింది. సేకరించిన అయిదు గుడ్లలో మూడు మిగిలాయి.

ఈ పుస్తకంలో నన్ను పట్టి నిలిపింది ఆ చలి వర్ణన కాదు. అంతటి బాధలో కూడా తామెవరూ ఒకరిపై ఒకరు కోపగించుకోలేదనీ, ‘దయచేసి’, ‘కృతజ్ఞతలు’ అన్న మాటలు మరచిపోలేదనీ రచయిత నమోదు చేసిన పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విల్సన్, బవర్స్ ఇద్దరూ 1912లో స్కాట్‌తో పాటు ధ్రువం నుంచి తిరిగి వస్తూ మరణించారు. బతికి మిగిలిన వాడు, పదేళ్ళ తరువాత, తన ఇద్దరు మిత్రుల కోసం రాసిన పుస్తకంగానే దానిని చదవాలని నా అభిప్రాయం. పుస్తకం పెద్దది. ఓపిక లేకపోతే ఆ శీతాకాలపు ప్రయాణం గురించిన అధ్యాయమొక్కటి చదివినా చాలు.

ప్రశ్న: సంఘటనలు తక్కువగా ఉండి, నెమ్మదిగా సాగే నవల కావాలి.

జవాబు: జపాన్ రచయిత యాసునారి కవాబాత రాసిన ‘మంచు దేశం’ చదవండి. రైలు సొరంగం దాటి మంచులోకి వచ్చే మొదటి వాక్యం దగ్గరే మీ చదువు వేగం తగ్గిపోతుంది. 1935లో భాగాలుగా ప్రచురించడం మొదలుపెట్టి, తిరగరాస్తూ 1948లో ఆయన దానికి పూర్తి రూపమిచ్చారు. అప్పటికీ మనసు వదలక, 1972లో మరణించడానికి కొద్దికాలం ముందు, ఆ నవలను కొన్ని పేజీల కథగా కుదించారు. రాసినవాడే అంత తీరికగా రాసిన పుస్తకాన్ని మనం తొందరపడి చదవడం న్యాయం కాదు. రోజుకు పది పేజీలు చాలు.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ళ పాపకు చీకటంటే భయం. చలికాలంలో సాయంత్రమే పొద్దుగూకడంతో దిగులుగా ఉంటోంది. ఆమెకు ఏమి చదివి వినిపించమంటారు?

జవాబు: తూవే యాన్సన్ 1957లో స్వీడిష్ భాషలో రాసిన, మూమిన్లు అనే కల్పిత ప్రాణుల శీతాకాలపు కథను తీసుకోండి, ఇంగ్లీషు అనువాదంలో చదివి, మీ మాటల్లో చెప్పవచ్చు. చలికాలమంతా నిద్రపోయే కుటుంబంలో ఒక పిల్లవాడికి నడిమధ్యలో మెలకువ వచ్చేస్తుంది. ఎంత లేపినా తల్లి లేవదు. ఎన్నడూ చూడని చీకటి, ఎన్నడూ చూడని మంచు. భయపడవద్దని రచయిత్రి ఎక్కడా ఉపదేశించరు. ఆ పిల్లవాడి కోపాన్నీ ఒంటరితనాన్నీ అలాగే ఉండనిచ్చి, చీకటిలో బతికే కొత్తవారిని ఒక్కొక్కరినే పరిచయం చేస్తారు. వెలుగు తిరిగి వచ్చే ఘట్టాన్ని మాత్రం మరునాటికి వాయిదా వేయకుండా, ఒకే రాత్రి పూర్తిగా వినిపించండి.

ప్రశ్న: నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేస్తే తప్పా? అలాగే, మా గ్రంథపాలకుణ్ణి ‘మంచి పుస్తకం చెప్పండి’ అని అడిగితే ఆయన తిరిగి నన్నే ప్రశ్నలు అడుగుతున్నారు. ఎందుకు?

జవాబు: తప్పు కాదు. అమెరికా గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్ దీనికొక లెక్క చెప్పారు: యాభై ఏళ్ళ వరకు వయసున్నవారు 50 పేజీలు చదివి నిర్ణయించుకోవాలి, అంతకు మించినవారు వందలోంచి తమ వయసు తీసివేయగా మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. డెబ్బై ఏళ్ళవారికి ముప్పై పేజీలన్నమాట.

ఇక రెండవ ప్రశ్న. ‘ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం’ అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్ర సూత్రాలలో ఒకటిగా నిర్దేశించారు. ఆ ‘అతని’ అన్న మాట కోసమే మీ గ్రంథపాలకుడు ప్రశ్నలు వేస్తున్నారు. కథనం, పాత్రలు, స్థలం, భాష అనే నాలుగు ద్వారాలలో ఒకదాని గుండా పాఠకుడు పుస్తకంలోకి ప్రవేశిస్తాడని పెర్ల్ అంటారు. మీది ఏ ద్వారమో తెలియకుండా చెప్పే పేరు కేవలం మా ఇష్టమే అవుతుంది. మీరు చివరిగా ఇష్టంతో పూర్తిచేసిన పుస్తకం ఏది, దానిలో ఇప్పటికీ గుర్తున్నది ఏమిటి అన్న రెండు సంగతులు ఆయనకు చెప్పి చూడండి. మీ ఉత్తరంలో అవి లేవు కనుకనే నేను మీకు ఏ పుస్తకమూ సూచించలేదు. రాసి పంపితే వచ్చే సంచికలో తప్పక చెబుతాను.