పసుపంటిన లెన్సు

బరంపురం

అల్లుడూ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నువ్వు కొందామనుకుంటున్న పాత లెన్సు, దూరాన్ని దగ్గరకి లాగే జూమ్: కేనన్ 70-200, ఎఫ్ 2.8 (అంటే వెలుతురు బాగా లాగేది), ఐఎస్ (చెయ్యి వణికినా బొమ్మని నిలబెట్టేది), రెండో వెర్షన్. ఒంటి మీద గీత లేదు, డబ్బా ఉంది, బిల్లూ ఉంది. "నాలుగేళ్లుగా బీరువాలోనే ఉంది, వాడిందే లేదు" అన్నాడట ఆ విశాఖ ఆయన. నువ్వు మురిసిపోయింది ఆ మాటకే, నాకు గుబులు పుట్టిందీ ఆ మాటకే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. నా 70-200 తోలు సంచిలో, ఆ సంచి బీరువాలో. ఇల్లు బాగుచేసుకునే గొడవలో దాన్ని మర్చేపోయాను. మాఘమాసం పెళ్లిళ్లకి తీస్తే లోపలి గాజు మీద సాలెగూడు అల్లినట్టు ఫంగస్. విప్పి తుడిపించాను. బూజు పోయింది గానీ అది తినేసిన గాజు మీది పూత, అదే కోటింగు, తిరిగొస్తుందా? మండపం లైట్లు ఎదురుగా పడితే చాలు, ఫొటో పాలిపోయేది. చివరికి ఉన్నమాట చెప్పే, వచ్చినంతకి అమ్మేశాను.

అందుకని ముందు టార్చి. రెండు మూతలూ తీసి, ముందు నుంచి మొబైల్ లైటు ఏటవాలుగా వేసి వెనక నుంచి చూడు. కేనన్‌లో కెమెరా నుంచి విప్పాక కూడా ఎపర్చర్, అంటే వెలుతురొచ్చే కంత, తెరుచుకునే ఉంటుంది గనక లోపలంతా కనబడుతుంది. నాలుగు దుమ్ము రేణువులుంటే పట్టించుకోకు. దారప్పోగుల్లాంటివి గానీ, ఆవిరి పట్టినట్టు మసక గానీ ఉంటే దండం పెట్టి వచ్చెయ్. ముందు గాజు మీద చిన్న గీత బొమ్మలో తేలదు, వెనక గాజు మీద గీతని మాత్రం నమ్మకు. మౌంటు, అంటే కెమెరాకి బిగించే చోటు, దాని స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట.

తర్వాత నీ కెమెరా బాడీకే తగిలించు, అతని కెమెరా వద్దు. జూమ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ క్లిక్ చెయ్. మధ్యలో 'ఎర్రర్ 01' వస్తే లెన్సుకీ కెమెరాకీ మాట కలవట్లేదని. ఒకసారి లెన్సు వెనక ఉండే లోహపు చుక్కలు, అవే కాంటాక్టులు, తుడువు, మళ్లీ వస్తే వదిలెయ్. ఐఎస్ చూడ్డానికి బటన్ సగం నొక్కితే సన్నగా గుయ్యిమని వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడాలి, ఎగరకూడదు. గోడకి పేపరు అంటించి, కెమెరా స్టాండు మీద పెట్టి, జూమ్ 200లో, ఎఫ్ 2.8కి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడు. ఒక్క మూలే అలికేసినట్టుంటే అది ఎప్పుడో కిందపడ్డ లెన్సే అయివుంటుంది. ట్రైపాడ్ కాలర్, అంటే లెన్సునే స్టాండుకి బిగించే పట్టీ, ఇస్తున్నాడో లేదో అడుగు. దాదాపు కిలోన్నర బరువు, కాలర్ లేకుండా స్టాండుకెక్కిస్తే భారమంతా కెమెరా మౌంటు మీదే.

ఇదే 70-200లో ఎఫ్ 4 రకం తీసుకోనా అన్నావు. బరువు సగమే, ధరా తక్కువే. పగటిపూట చిలికా సరస్సు పక్క మంగళజోడి వెళ్లి పిట్టల్ని తీసేవాడివైతే సరేననేవాణ్ని. మన ముహూర్తాలు అర్ధరాత్రివి. జీలకర్రబెల్లం వేళకి చుట్టాలంతా అడ్డం నిలబడితే వెనక నుంచి తీయాలి, ఎఫ్ 4కి వెలుతురు సగానికి పడిపోతుంది. మూడో వెర్షన్ కోసం ఎక్కువ పెట్టకు. లోపలి గాజుల అమరిక రెండోదే, కోటింగు మారింది. రేపు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకి మారినా అడాప్టరుతో ఇదే నడుస్తుంది.

ఇక్కడ నా తోటి ఫొటోగ్రాఫరు ఒకాయన కూడా అదే లెన్సు అమ్ముతున్నాడు. తెల్ల పెయింటు అక్కడక్కడా లేచిపోయింది, జూమ్ రింగు గాడుల్లో తలంబ్రాల పసుపు ఇరుక్కుంది. టార్చి వేసి చూశాను, లోపల కడిగిన ముత్యం. చూడ్డానికి ముసలిదే, కానీ వారం వారం గాలీ వెలుతురూ తగిలిన లెన్సు. నా మనసు దీని మీదే ఉంది, కానీ డబ్బు నీది, రెండూ చూసుకో.

విశాఖ ఆయనకి అడ్వాన్సు మాత్రం వెయ్యకు. ఆదివారం పలాస వచ్చి రైలెక్కు, నేను బరంపురంలోనే ఎక్కి సీటు ఆపుతాను. నీ బాడీ, ఖాళీ కార్డు, స్టాండు తెచ్చుకో. పేపరూ టార్చీ నేను తెస్తాను.

మీ మావయ్య