కెనడాలో మొదటి నెల: మీ కాగితాలు మీ పేరునే ఉండాలి

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనకీ నాకూ మా నాలుగేళ్ళ పాపకీ కెనడా పీఆర్, అంటే అక్కడే స్థిరంగా ఉండేందుకు అనుమతి, వచ్చింది. అక్టోబర్ ఆఖరులో బ్రాంప్టన్ వెళ్తున్నాం. అక్కడ మా ఆయన స్నేహితుడు ఒకాయన తప్ప మాకెవరూ తెలీదు. "అన్నీ నేను చూసుకుంటాలే, నువ్వు పాపని చూసుకో" అంటున్నారు మా ఆయన. నేను ఎస్వీ యూనివర్సిటీ బీకాం, ఆరేళ్ళు అకౌంట్స్‌లో పనిచేశాను. ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్ళాలి, దిగాక ముందు ఏం చేయాలి? అమ్మేమో నగలు, ఊరగాయలు అంటోంది. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చెల్లీ, మీ ఆయన ప్రేమగానే అన్నారు, కానీ ఆ ఒక్క మాట మాత్రం వినకండి. నేను బ్రాంప్టన్ పక్కనే ఉన్న మిస్సిసాగాలో తొమ్మిదేళ్ళు ఉండి వచ్చినదాన్ని. మొదటి రెండేళ్ళు బ్యాంకు ఖాతా, ఇంటి అగ్రిమెంటు, కరెంటు బిల్లు, ఫోను అన్నీ మావారి పేరునే ఉండేవి. ఆయన పదిరోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వస్తే, నేను బ్యాంకుకి ఫోన్ చేశాను. ఖాతాలో మీ పేరు లేదు, ఏమీ చెప్పలేం అన్నారు. మర్నాడు ఇంటద్దె కట్టాలి. సొంత డబ్బుండి కూడా తీసుకోలేక, పిల్లాడిని చంకనేసుకుని ఎవరిని అడగాలో తెలీక నిలబడ్డాను. అందుకే చెప్తున్నా, ఆయన ఏ కాగితం చేయించుకుంటే అదే మీరూ మీ పేరుతో చేయించుకోండి. మీ పీఆర్ కూడా మీదే, అక్కడ దిగాక మీకూ ఆయనకీ హక్కుల్లో తేడా ఏమీ లేదు.

దిగాక ముందు కావాల్సింది సిన్, అంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్. తొమ్మిది అంకెలుంటాయి, ఇది లేకుండా ఉద్యోగం చేయలేరు. సర్వీస్ కెనడా ఆఫీసులో పాస్‌పోర్టు, పీఆర్ వచ్చినట్టు ఇచ్చిన కాగితం చూపిస్తే పైసా ఖర్చు లేకుండా ఇస్తారు, ఎవరైనా డబ్బడిగితే అది మోసం. పాపకి కూడా తీసుకోండి. ఆ నంబరు ఉద్యోగమిచ్చిన వాళ్ళకి, బ్యాంకుకి, పన్నుల వాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకండి. పన్నుల ఆఫీసు నుంచి అంటూ ఫోన్ చేసి, అరెస్ట్ చేస్తామని బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనిపించేవాళ్ళు ఉన్నారు, కొత్తగా వచ్చినవాళ్ళే ఎక్కువ భయపడతారు. మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

అదే వారంలో బ్యాంకు. ఇద్దరికీ కలిపి ఒకటి ఉంటే ఉండనీండి, మీకంటూ ఒక ఖాతా వేరుగా తెరవండి. కొత్తగా వచ్చినవాళ్ళకి క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పు తీసుకుని సరిగ్గా కట్టిన రికార్డు, లేకపోయినా క్రెడిట్ కార్డు ఇచ్చే పథకాలు చాలా బ్యాంకుల్లో ఉన్నాయి, అడిగి మీ పేరున ఒకటి తీసుకోండి. ఆయన కార్డుకి అదనంగా ఇచ్చే కార్డు వాడితే మీకు హిస్టరీ వచ్చేస్తుందనుకోకండి. కొంచెం వాడి ప్రతి నెలా మొత్తం కట్టేయండి, రేపు మీ పేరుతో ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా అదే చూస్తారు.

ప్రభుత్వ వైద్యం పొందడానికి ఇచ్చే హెల్త్ కార్డుకి వెళ్ళాల్సింది సర్వీస్ ఒంటారియోకి. పేరు దగ్గరగా ఉంది కదా అని చాలామంది సర్వీస్ కెనడాకి వెళ్ళి వెనక్కి వస్తారు. అది కేంద్రానిది, ఇది బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రానిది అనుకోండి. ఒకప్పుడు ఒంటారియోలో మూడు నెలలు ఆగాల్సి వచ్చేది, 2020 నుంచి ఆ నియమం లేదు. డాక్టరు, ఆస్పత్రి ఖర్చు దాంట్లో వస్తుంది కానీ పెద్దవాళ్ళకి పళ్ళు, కళ్ళద్దాలు, బయట కొనే చాలా మందులు రావు. కాబట్టి పన్ను నొప్పి ఏదైనా ఉంటే తిరుపతిలోనే చూపించుకుని వెళ్ళండి.

పాప విషయం ఇక్కడే మొదలుపెట్టాలి. బడిలో వేసేటప్పుడు టీకాల కాగితం అడుగుతారు. మన ప్రభుత్వ టీకాల్లో మీజిల్స్, రుబెల్లా ఉన్నాయి కానీ గవదబిళ్ళలది, ఆటలమ్మది లేవు, అక్కడ బడికి అవి కూడా కావాలి. ప్రైవేటులో వేయించి ఉంటే సరే, లేకపోతే పిల్లల డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి, వేసిన ప్రతి టీకాకీ తేదీతో ఇంగ్లీషులో సంతకం, స్టాంపు వేయించుకోండి. నాలుగేళ్ళు నిండే సంవత్సరం నుంచే అక్కడ ప్రభుత్వ బడిలో రోజంతా కిండర్‌గార్టెన్ ఉచితం, సంవత్సరం మధ్యలో వెళ్ళినా చేర్చుకుంటారు. ఇంకోటి, పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కి వెంటనే దరఖాస్తు పెట్టండి. ఆదాయాన్ని బట్టి ఇస్తారు, మామూలుగా తల్లి పేరునే వస్తుంది, మీకు సొంత ఖాతా ఉండాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. అది ఆగకుండా రావాలంటే సంపాదన ఉన్నా లేకపోయినా ఇద్దరూ ఏటా ఏప్రిల్ 30 లోపు పన్ను రిటర్న్ వేయాలి.

మీ ఉద్యోగం సంగతి. మీ ఆయన డిగ్రీలకి ఎవాల్యుయేషన్, అంటే అవి కెనడా చదువులో దేనికి సమానమో చెప్పే రిపోర్టు, అయి ఉంటుంది, మీది చేయించారా? చేయించకపోతే ఎస్వీ యూనివర్సిటీలో ట్రాన్‌స్క్రిప్టులకి ఇప్పుడే పెట్టండి, ఆరేళ్ళ అనుభవానికి పని వివరాలతో లెటర్ తీసుకోండి. లేదంటే మీరు వెళ్ళాక మీ నాన్నగారు యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది, పాపం. కారు లైసెన్సు ఉంటే ఆర్టీవో ఆఫీసులో దాని ఎక్స్‌ట్రాక్ట్, అంటే లైసెన్సు వివరాల కాగితం, కూడా తీసుకోండి, అక్కడ అనుభవం కింద చూపించుకోవచ్చు. పీఆర్ వాళ్ళకి ఉద్యోగం వెతకడంలో, ఇంగ్లీషు నేర్పడంలో సాయం చేసే కేంద్రాలు ప్రభుత్వ డబ్బుతో ఉచితంగా నడుస్తాయి. 211కి ఫోన్ చేస్తే మీ దగ్గర్లో ఏది ఉందో చెప్తారు. సిగ్గుపడకుండా వెళ్ళండి, నేను మూడేళ్ళ తర్వాత వెళ్ళి ఎంత బాధపడ్డానో.

నగలు అమ్మ దగ్గరే ఎక్కువ ఉంచండి. తీసుకెళ్ళేవాటికి ఫోటోలు, విలువ కాగితం, వివరాలతో జాబితా పెట్టుకుని మొదటిసారి దిగినప్పుడే కస్టమ్స్‌లో చూపించండి. ఊరగాయలు, పొడులు, చివరికి శ్రీవారి లడ్డూ కూడా, తినేది ఏదున్నా దిగగానే చెప్పేయాలి, దాచకండి. పీఆర్ కార్డు పోస్టులో వస్తుంది, 180 రోజుల్లోపు అక్కడి అడ్రస్ ఇవ్వాలి, లేదంటే మళ్ళీ ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి.

చలికోట్లు తిరుపతిలో కొనకండి, మన కోట్లు అక్కడ జనవరికి ఆగవు. విమానంలోకి ఒక జాకెట్ చాలు. చలి కన్నా చీకటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది చెల్లీ. నవంబర్‌లో అక్కడ అందరూ గడియారం గంట వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదుకే పొద్దుపోతుంది, అమ్మ గుర్తొస్తుంది, ఏడుపొస్తుంది. పగలు ఒక గంట పాపని తీసుకుని బయట నడవండి, దగ్గర్లోని లైబ్రరీకి వెళ్ళండి, పిల్లలకి అక్కడ కథలు చెప్తారు, నాకు మొదటి స్నేహితురాలు దొరికింది అక్కడే.

ప్రశ్న: మా అబ్బాయి జనవరిలో చదువుకి టొరంటో వెళ్తున్నాడు. ఆన్‌లైన్‌లో ఒక బేస్‌మెంట్ (ఇంటి కింద నేలమాళిగ) గది చూశాడు. ఓనరు మూడు నెలల అద్దె, పైన డ్యామేజ్ డిపాజిట్ ఇప్పుడే పంపమంటున్నాడు. పంపమంటారా?
ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: పంపకండి అన్నగారూ. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టం ప్రకారం డిపాజిట్ కింద ఒక నెల అద్దెకి మించి అడగకూడదు, అది కూడా చివరి నెల అద్దెకి సరిపెట్టాలి. డ్యామేజ్ డిపాజిట్ అడగడమే తప్పు. అబ్బాయిని మొదటి రెండు వారాలు కాలేజీ హాస్టల్లోనో, తెలిసినవాళ్ళ దగ్గరో ఉంచి, గది కళ్ళతో చూసి, హీటరు పనిచేస్తుందో లేదో, బయటికి పోవడానికి సరైన దారి ఉందో లేదో చూశాకే డబ్బివ్వమనండి. 2018 ఏప్రిల్ 30 నుంచి అక్కడ మామూలు ఇళ్ళ అద్దెకి ప్రభుత్వ అగ్రిమెంటు ఫారమే వాడాలి, అది లేకుండా సంతకం వద్దు. ఓనరుతో కలిసి ఒకే వంటగదో బాత్రూమో వాడే గది అయితే మాత్రం ఈ చట్టం రక్షణ ఉండదు, అది ముందే అడిగి తెలుసుకోమనండి.