లైసెన్సు రివాల్వరుకు ఇంట్లో మెరుగు పెట్టవచ్చా?
తాతగారి నుంచి లైసెన్సుతో సంక్రమించిన రివాల్వరు నలుపు వెలిసిందనీ, కడపలో ఇంటి వద్దనే పాలిష్ చేయవచ్చా అనీ అడిగారు. ఆ నీలి నలుపు పైన పూసిన రంగు కాదు. ఉక్కు ఉపరితలమే మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడుగా మారిన అతి పలుచని పొర కనుక, కడప బండకు మెరుగు పెట్టినట్లు గరుకు కాగితంతో రుద్దితే ఆ పొరే లేచిపోయి, బయటపడిన ఉక్కుకు చేతి చెమటతోనే తుప్పు పడుతుంది. నికెల్ పూత అయితే అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్ మరీ చేటు. పూత అడుగున రాగి పొర ఉంటే, పూత చిట్లిన చోట అది ఆ రాగిని తినేస్తుంది.

తూటాలన్నీ తీసి, మెత్తని నూలుగుడ్డతో తుడిచి, తుపాకి నూనెను పలుచగా పట్టించడం వరకే ఇంటి పని. తోలు ఒరలో దాచకండి, అది తేమను పట్టి ఉంచుతుంది. కొత్త పూత అవసరమైతే లైసెన్సున్న మరమ్మతుదారుకే అప్పగించాలి. పైగా, ఆయుధంపై గుర్తింపు సంఖ్యను చెరిపివేయడాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ నిషేధిస్తోంది.