పంపు సరే, బోరు ఎన్ని మీటర్లు?

మొన్న ఉగాదికి స్టాక్‌హోమ్‌లో అందరం కలిసినప్పుడు ఒకబ్బాయి పచ్చడి గిన్నె చేత్తో పట్టుకునే నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, ఒక ఇల్లు చూశాం. బెర్గ్‌వార్మె హీటింగ్ ఉందట గానీ పంపు పాతదైంది, మార్చుకోవాలంటున్నారు. నీబె కంపెనీ పంపు మంచిదా, థెర్మియాది మంచిదా?"

"బోరు ఎన్ని మీటర్లు?" అన్నాను.

తెల్లమొహం వేశాడు. "బోరేంటన్నా? నేనడిగేది హీటింగ్ గురించి!"

తప్పు అతనిది కాదు. ఇక్కడికొచ్చిన కొత్తలో మనమంతా అపార్ట్‌మెంట్లలోనే ఉంటాం. ఊరంతటికీ ఒకచోట నీళ్లు కాచి పైపుల్లో పంపుతారు, ఆ వేడి ఖర్చు చాలాచోట్ల అద్దెలోనే కలిసిపోతుంది. రేడియేటర్ ఎందుకు వేడెక్కుతోందో ఆలోచించాల్సిన పని రాదు. సొంత విల్లా కొన్న మొదటి జనవరిలో కరెంటు బిల్లు వచ్చాక ఆలోచన మొదలవుతుంది. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

బెర్గ్‌వార్మె అంటే రాతిలోంచి తీసే వేడి. స్టాక్‌హోమ్ చుట్టుపక్కల భూమి లోపలి బండ ఎండాకాలమైనా చలికాలమైనా ఏడెనిమిది డిగ్రీల దగ్గరే ఉంటుంది. పెరట్లో నిలువునా బోరు వేసి, అందులోకి యు ఆకారంలో ప్లాస్టిక్ పైపు దించి, గడ్డకట్టకుండా ఇథనాల్ కలిపిన నీళ్లు తిప్పుతారు. అవి చల్లగా దిగి, మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కి పైకొస్తాయి. ఆ కాస్త వేడినీ పంపులోని కంప్రెసర్ పోగుచేసి రేడియేటర్ల నీళ్లకు, స్నానం నీళ్లకు ఎక్కిస్తుంది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, అదే సూత్రం. ఒక యూనిట్ కరెంటు పెడితే మూడు, నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. అంటే మిగతా రెండు మూడు యూనిట్లూ ఇచ్చేది బండే.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మేం కొన్న ఇంట్లో 1998లో వేసిన 110 మీటర్ల బోరు ఉండేది. పంపు మూలుగుతోందని 2015లో కొత్తది పెట్టించాం. బిగించినాయన "బోరు బాగానే ఉంది, పంపు మార్చితే చాలు" అన్నాడు. డబ్బు మిగిలిందని సంబరపడ్డాను. మొదటి చలికాలం బిల్లు బాగా తగ్గింది కూడా. మూడో ఏడు ఫిబ్రవరిలో మాత్రం బోరులోంచి పైకొచ్చే ద్రవమే మైనస్ 5 చూపించింది, పంపు ఎర్రలైటు వేసి ఆగిపోయింది. ఇల్లు చల్లబడలేదు. అదే ఇందులో మోసం. పంపు లోపల ఎల్‌పాత్రోన్ అని ఒక కరెంటు కాయిల్ ఉంటుంది. మనవాళ్లు బకెట్‌లో వేసే ఇమ్మర్షన్ రాడ్డు లాంటిదే, కాకపోతే 9 కిలోవాట్లది. పంపు ఆగగానే అది చప్పుడు లేకుండా పని అందుకుంటుంది. ఒక యూనిట్ తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. బిల్లు వచ్చేదాకా మాకు తెలియనే లేదు.

కొత్త పంపుకి పాత బోరు ఎందుకు చాలలేదు? ఇంటికి 10 యూనిట్ల వేడి కావాలనుకోండి. పాత పంపు 4 యూనిట్లు కరెంటు నుంచి, 6 బండ నుంచి తీసుకునేది. కొత్తది మెరుగైన పంపు గనక కరెంటు రెండున్నరే తీసుకుని బండ నుంచి ఏడున్నర లాగుతుంది. పైగా పాతవాటిని చిన్నగా పెట్టి గట్టి చలిరోజుల్లో కాయిల్ మీద వదిలేసేవారు, కొత్తవి ఆ రోజుల్లో కూడా బండనే పీల్చుతాయి. పంపు ఎంత మంచిదైతే బోరు అంత లోతుండాలి. ఏటా తీసినంత వేడి మళ్లీ చేరకపోతే బోరు చుట్టూ బండ ఏడాదికేడాది చల్లబడిపోతుంది. మొదటి ఏడు బాగుంది కదా అని నమ్మడానికి లేదు.

ఆ తర్వాతి వేసవిలో 190 మీటర్ల రెండో బోరు వేయించాం. మా నాయన అప్పుడు ఇక్కడే ఉన్నాడు. అనంతపురం మనిషి. చెలకలో ఏడు బోర్లు వేయించి ఐదింట దుమ్ము చూసినవాడు. పొద్దున ఏడింటికి రిగ్గు వచ్చి, కంప్రెసర్ మీద అట్లాస్ కాప్కో అనే పేరు కనబడగానే "ఇది మన బోర్ల బండీనే కదరా!" అన్నాడు. స్వీడన్ కంపెనీయే నాయనా అంటే నమ్మలేదు. మే నెలలో కోతి టోపీ పెట్టుకుని, గడ్డిలో కుర్చీ వేసుకుని రాడ్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు. బూడిదరంగు బురద గొట్టంలోంచి ఇనప తొట్టిలో పడుతుంటే లేచి వెళ్లి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. సాయంత్రానికి అడిగాడు. "నీళ్లు పడినాయా?"

"నీళ్ల కోసం కాదు నాయనా, వేడి కోసం" అన్నాను, కాస్త గొప్పగా. అనువాదం చేసి డ్రిల్లరుకి చెప్తే నవ్వుతాడనుకున్నా. అతను నవ్వలేదు. ఆయన అడిగింది సరైనదే, నీళ్లు నాలుగు మీటర్ల లోతులోనే ఉన్నాయి, మీ అదృష్టం అన్నాడు. ఇక్కడ బోరులో సాధారణంగా సిమెంటు నింపరు. బండకీ పైపుకీ మధ్య వేడిని అందించేది ఆ ఊటనీళ్లే. నీళ్ల మట్టానికి పైనున్న పొడి భాగం ఎంత తవ్వినా లెక్కలోకి రాదు. అందుకే కొటేషన్‌లో మొత్తం లోతు కాదు, నీళ్లున్న లోతు ఎంతో అడగండి.

ఇల్లు కొనేవాళ్లు బోరు తవ్వినప్పటి కాగితం అమ్మేవాళ్లని అడగాలి. దాంట్లో లోతు, నీళ్ల మట్టం, ఎన్ని మీటర్ల కేసింగు దిగిందీ ఉంటాయి. వాళ్ల దగ్గర లేకపోతే స్వీడన్ భూగర్భ సర్వే సంస్థ ఎస్‌జీయూ పెట్టిన బావుల రికార్డు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మ్యాపులో మీ ఇంటి మీద నొక్కితే చాలు. అన్ని బోర్లూ అందులో ఉండవు, ఉంటే మాత్రం ఒక్క నిమిషం పని. పక్కింటి బోర్లూ చూడండి. రెండింటి మధ్య 20 మీటర్లు ఉండాలన్నది మామూలుగా పాటించే లెక్క. స్థలం చిన్నదైతే బోరుని వాలుగా వేసి లోపల దూరం సంపాదిస్తారు. మాదీ అలా వాలిన బోరే.

రిగ్గు రావడానికి ముందే కొమ్యూన్‌కి, అంటే మన మునిసిపాలిటీ లాంటిదానికి, తెలియజేయాలి, దానికి ఫీజు ఉంటుంది. తాగునీటి రక్షణ ప్రాంతంలో అయితే విడిగా అనుమతి కావాలి. స్టాక్‌హోమ్ నగరంలో కింద సొరంగాలు ఉండొచ్చు, అదీ వాళ్లే చూసి చెప్తారు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు బోరులోకి ఉప్పునీళ్లు చేరే సంగతి డ్రిల్లరుతో తప్పక మాట్లాడాలి.

ఖర్చు బోరుతో కలిపి మామూలు విల్లాకి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల క్రోనర్లు అవుతుంది. రోట్ అనే పన్ను తగ్గింపు కూలి భాగం మీద వస్తుంది. బెర్గ్‌వార్మెకి మొత్తం ఖర్చులో 35 శాతం కూలి కింద లెక్కగడతారు, అందులో 30 శాతం తగ్గుతుంది. 2,10,000 క్రోనర్ల పనికి కూలి 73,500, తగ్గింపు 22,050. 2025లో మే నుంచి డిసెంబరు దాకా 50 శాతం ఇచ్చారు. ఆ పాత లెక్క ఎవరైనా చెప్తే నమ్మకండి, ఇప్పుడు మళ్లీ 30. మీరు కట్టిన పన్నులోంచే ఇది తగ్గుతుంది గనక వచ్చిన ఏడాదే ఇల్లు కొన్నవాళ్లకి పూర్తిగా రాకపోవచ్చు. ఇంటి పత్రాల్లో ఆలుమగలిద్దరి పేర్లూ ఉంటే పంచుకోవచ్చు. కట్టి ఐదేళ్లు నిండని ఇంటికి అసలు రాదు.

కొటేషన్‌లో నేను ముందు చూసేది కేసింగు వాక్యం. గట్టి బండలోకి కాస్త దిగేదాకా ఉక్కు పైపు దించాలి, కొన్ని మీటర్లే ధరలో ఉంటాయి, ఆపైన మీటరుకింత. దక్షిణాన స్కోనె వైపో, ఉప్సాలా మైదానంలోనో మట్టి లోతు ఎక్కువ, అక్కడ ఈ ఒక్క వాక్యమే బడ్జెట్ తిరగేస్తుంది. ఆ బురద తొట్టి ఎవరు తీసుకెళ్తారో కూడా రాయించుకోండి. మా పాత బోరు వేసినవాళ్లు బురదంతా పెరట్లోనే వదిలేశారని, రెండేళ్లు గడ్డి మొలవలేదని ఇల్లమ్మిన ముసలావిడ చెప్పింది.

అందరికీ ఇది తగదు. 1970లలో కట్టిన ఇళ్లలో చాలావాటికి నీళ్ల రేడియేటర్లు ఉండవు, గోడకి నేరుగా కరెంటు పలకలు ఉంటాయి. అలాంటి ఇంట్లో పైపులన్నీ కొత్తగా వేసుకోవాలి. దానికన్నా గాలి నుంచి గాలికి పనిచేసే చిన్న పంపు పెట్టుకుని డబ్బు కిటికీల మీద పెట్టడం నయం. ఏడాదికి పన్నెండు వేల యూనిట్ల లోపే వేడి వాడే ఇంటికీ బోరు ఖర్చు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

పెట్టించుకున్నాక మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గది వెచ్చగా అనిపించగానే రేడియేటర్ల మరలన్నీ బిగించేస్తారు. పంపుకి నీళ్లు తిరగాలి. మరలు తెరిచే ఉంచి, పంపులో హీటింగ్ కర్వ్‌ని, అంటే బయట చలిని బట్టి నీళ్లు ఎంత వేడెక్కాలో చెప్పే సెట్టింగ్‌ని, ఒక్క మెట్టు దించి రెండు రోజులు ఆగి చూడండి. ఇండియా వెళ్లేటప్పుడు కూడా పూర్తిగా ఆపకండి, రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తే చాలు. పూర్తిగా చల్లారిన ఇంటిని తిరిగొచ్చాక వేడెక్కించేది ఆ ఇమ్మర్షన్ రాడ్డే. మెనూలో అది ఎన్ని గంటలు నడిచిందో కనబడుతుంది, నెలకోసారి ఆ అంకె రాసుకోండి. మా పంపు మూత లోపల పెన్సిలుతో రాసిన వరస ఉంది, 2018 ఫిబ్రవరి దగ్గర 311 అని.