లాండ్రీలో ఖాళీ వేళల డిస్కౌంట్ పెడితే గిట్టుబాటు అవుతుందా?

కరీంనగర్‌లో ఆరు వాషర్లతో సెల్ఫ్ సర్వీస్ లాండ్రీ పెట్టానని, ఆదివారం పొద్దున నిలబడడానికి చోటుండదని, మంగళ, బుధవారాల్లో మాత్రం ఈగలు తోలుకుంటున్నానని రాశారు. ఆ రోజుల్లో సగం ధర పెడితే వ్యాపారం పెరుగుతుందా అన్నది మీ ప్రశ్న. సగం ధర మాత్రం పెట్టకండి. డిస్కౌంట్ పెట్టండి, కాకపోతే ఎవరి కోసం, ఏ గంటల్లో, దేని మీద అన్నది తేల్చుకున్నాక పెట్టండి. నేను అవేవీ తేల్చుకోకుండా మొదలుపెట్టి మూడు నెలలు చేతులు కాల్చుకున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నాది కాజీపేట నుంచి హనుమకొండ వచ్చే రోడ్డు మీద, నిట్‌కు దగ్గర్లో ఉంది. ఐదు వాషర్లు, నాలుగు డ్రయ్యర్లు. చుట్టుపక్కల పీజీలు, అద్దె గదులు ఎక్కువ కాబట్టి గిరాకీకి ఢోకా లేదనుకున్నాను. వచ్చేది నిజమే, కానీ అందరూ ఒకేసారి వస్తారు. ఆదివారం టిఫిన్ తిని, బకెట్ నిండా బట్టలు వేసుకుని బయల్దేరతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు తొమ్మిది లోడ్లు (మెషీన్‌లో ఒకసారి వేసే బట్టలు ఒక లోడు) దాటేవి కావు.

అప్పుడు నేను చేసిన పని ఏంటంటే, షట్టర్ మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. సోమ నుంచి శుక్ర దాకా రోజంతా 30 శాతం తగ్గింపు. తొమ్మిది లోడ్లు పదమూడయ్యాయి. సంబరపడ్డాను. మూడో నెలాఖరున కరెంట్ బిల్లు వచ్చాక కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది.

నా దగ్గర వాష్ 90, డ్రై 60, మొత్తం 150. అందులో కరెంట్, నీళ్లు, లిక్విడ్ కలిపి నాకు పడే ఖర్చు దాదాపు 60. దాంట్లో పెద్ద వాటా డ్రయ్యర్‌దే, సుమారు 38. అంటే అద్దె, మెషీన్ల ఈఎంఐ సంగతి వదిలేస్తే లోడుకు 90 మిగులుతుంది. 30 శాతం తగ్గిస్తే 105 వస్తుంది, మిగిలేది 45. తగ్గింది బిల్లులో 30 శాతమే అయినా నా చేతికి వచ్చేది సగమైపోయింది. ముందు 9 లోడ్ల మీద 810 మిగిలేది, ఇప్పుడు 13 లోడ్ల మీద 585. రోజుకు 225 పోగొట్టుకుంటూ, పైగా మెషీన్లు ఎక్కువ అరగదీసుకుంటూ, వ్యాపారం పెరిగిందని మా ఇంట్లో చెప్పుకున్నాను. మీరనే సగం ధర నా లెక్కలో వేస్తే 75 వస్తుంది, 60 ఖర్చు పోను 15 మిగులుతుంది. ఇప్పుడు మిగిలేదే మళ్లీ మిగలాలంటే గిరాకీ ఆరింతలు కావాలి. మంగళవారం కరీంనగర్‌లో ఆరింతల జనం ఎక్కడి నుంచి వస్తారు చెప్పండి?

ఇంకో సంగతి, ఆ పెరిగిన నాలుగు లోడ్లలో సగం కొత్తవాళ్లవి కావు. ఆదివారం పూర్తి ధర ఇచ్చే పిల్లలే సోమవారం సాయంత్రం ఏడింటికి వచ్చారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అసలే కాస్త రద్దీగా ఉంటుంది. అక్కడ కూడా నేనే డబ్బులిచ్చి క్యూ కట్టించినట్టయింది.

ఫ్లెక్సీ తీసేసి, రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టాను. టోకెన్ తీసుకున్న టైము, మనిషి ఏం చేస్తాడు, ఎక్కడుంటాడు, ఆదివారం అయితే క్యూ చూసి వెనక్కి తిరిగిన వాళ్లెందరు. ఈ చివరిది తప్పకుండా రాసుకోండి, మొత్తం లెక్క దాని మీదే ఆధారపడి ఉంది. ఆదివారం ఎవరూ వెనక్కి పోకపోతే అక్కడి మనిషిని మంగళవారానికి జరిపినా మీకు ఒరిగేదేమీ లేదు, ఉన్న కస్టమర్‌కే తక్కువకు ఇచ్చినట్టు. అదే పది మంది వెనక్కి పోతుంటే, ఒకరిని మంగళవారానికి పంపిన చోట ఇంకొకరు పూర్తి ధరకు దొరుకుతారు. నా నోట్‌బుక్‌లో ఒక ఆదివారం పదకొండు, ఇంకో ఆదివారం ఎనిమిది మంది వెనక్కి పోయినట్టు ఉంది.

వాళ్లు ఎందుకు పోతున్నారో చూస్తే వాషర్లు దొరక్క కాదు, డ్రయ్యర్లు దొరక్క. వాష్ 40 నిమిషాలు. డ్రయ్యర్ 45, బట్టలు తీసి పెట్టే టైముతో 50. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఒక్కో డ్రయ్యర్‌కు ఏడు లోడ్లే పడతాయి, నాలుగింటికి 28. ఐదు వాషర్లు, బట్టలు తీసి పెట్టే టైము పోను కూడా, అదే టైములో 40 ఉతికేస్తాయి. మిగతా పన్నెండు లోడ్లు తడిబట్టలతో బుట్టల్లో వరుసగా కూర్చుంటాయి. కొత్తగా లోపలికి వచ్చినవాడు ఆ బుట్టలు చూసి పోతున్నాడు. నేనేమో వాష్ మీద కూడా కలిపి తగ్గించాను!

రెండోసారి మొత్తం మార్చాను. రోజంతా కాదు, సోమ నుంచి శుక్ర, పొద్దున పదిన్నర నుంచి నాలుగింటి దాకా మాత్రమే. వాష్ ధర ముట్టుకోలేదు, డ్రై 60 నుంచి 30. మొత్తం 120, మిగిలేది 60. ఆ గంటల్లో అప్పటిదాకా రోజుకు రెండే లోడ్లు వచ్చేవి. అంటే ఎలాగూ వచ్చేవాళ్లకు నేను వదులుకునేది రోజుకు 60 రూపాయలే. ఒక్క లోడు అదనంగా వచ్చినా సమానం, రెండోది వస్తే లాభం. ఖాళీ ఎంత ఎక్కువ ఉన్న గంటలో పెడితే డిస్కౌంట్ అంత చవకగా పడుతుంది.

అయితే ఆ టైములో ఎవరు వస్తారు? స్టూడెంట్లు రారు, క్లాసులు. ఆఫీసులవాళ్లు రారు. బోర్డు రాసి కూర్చుంటే మూడు వారాలు అదే రెండు లోడ్లు. పగటిపూట ఖాళీగా ఉండే మనుషులను నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదట దొరికింది కాజీపేట రైల్వేవాళ్లు. జంక్షన్ కదా, లోకో పైలట్లు, గార్డులు చాలామంది. వాళ్లకు ఆదివారం అంటూ ఉండదు, డ్యూటీ దిగిన రోజే సెలవు. కుటుంబం ఊళ్లో ఉండి ఇక్కడ గదిలో ఒంటరిగా ఉండేవాళ్లు కొందరున్నారు. వాళ్లు కూర్చునే టీ కొట్టులో ఒక కాగితం అంటించాను, అంతే. తర్వాత హనుమకొండ ప్రైవేటు ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ చేసే నర్సులు. వీళ్లు డ్యూటీ దిగి నేరుగా తొమ్మిదికి వచ్చి, పని ముగించుకుని వెళ్లి పడుకోవాలనుకుంటారు. పదిన్నర దాకా ఆగమంటే ఎవరు ఆగుతారు? వాళ్ల కోసం తొమ్మిదికే మొదలుపెట్టాను. ఒక నర్సింగ్ హోం నుంచి బెడ్‌షీట్లు పంపుతామని అడిగారు, రోజుకు ఐదు లోడ్లు. వద్దన్నాను. రక్తపు మరకలున్న దుప్పట్లు తిరిగిన డ్రమ్ములో ఇంకొకరి బనీన్లు వేయించలేం. అది వేరే మెషీన్లు, వేరే పద్ధతి ఉన్నవాళ్లు చేయాల్సిన పని. మీకూ ఆ బేరం వస్తుంది చూడండి. బ్యూటీ పార్లర్ టవళ్లు మాత్రం ఆనందంగా తీసుకుంటాను.

అందరికంటే నికరమైన గిరాకీ మా సందు చివర ఇస్త్రీ షాపు అక్కది. నేను లాండ్రీ తెరిచిన కొత్తలో నాతో మాట్లాడేది కాదు. తన పొట్ట కొట్టడానికి వచ్చాననుకుంది, అనుకోవడంలో తప్పు లేదు. అపార్ట్‌మెంట్ల నుంచి బట్టలు తెచ్చుకుని చేత్తో ఉతికి ఇస్త్రీ చేసేది. నడుం నొప్పితో ఉతుకుడు మానేద్దామనుకుంటున్న టైములో నేనే వెళ్లి అడిగాను. ఇప్పుడు రోజూ పదకొండింటికి మూడు లోడ్లు తెస్తుంది. ఆమెకు నా డ్రయ్యర్ డిస్కౌంట్‌తో పని లేదు. డాబా మీద ఆరేసి, కాస్త తేమ ఉండగానే ఇస్త్రీ చేస్తేనే మడత నిలుస్తుందంటుంది. ఆమెకు వాష్ ఒక్కటే 65కి ఇస్తున్నాను. వాష్ ఖర్చు నాకు 22 పోను 43 మిగులుతుంది, నా డ్రయ్యర్ ఖాళీగానే ఉంటుంది. ఈ అక్క మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రజకుల లాండ్రీలకు 2021 నుంచి నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంట్ ఉంది. మనలాంటి షాపుకు కూడా వస్తుందని ఎవరో చెప్పారని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. అది వాళ్ల కులవృత్తికి ఇచ్చింది, మన లెక్కలో వేసుకోకూడదు.

నాలుగు నెలలకు పగటి లోడ్లు రెండు నుంచి ఎనిమిదికి వచ్చాయి. అక్క లోడ్లు ఇందులో కలపలేదు. ఆరు లోడ్లు అదనం, 360, వదులుకున్నది 60. రోజుకు 300 అంటే నెలకు ఆరున్నర వేల చిల్లర. దీంతో ఎవరూ కోటీశ్వరులు కారు. నా అద్దెలో మూడో వంతు.

గొడవలు కూడా వచ్చాయి. నాలుగు దాటి ఐదు నిమిషాలకు వచ్చి ముప్పైకే ఆరబెట్టమని ఒకాయన పెద్ద రభస చేశాడు. వాషర్ నాలుగింటి లోపు ఎక్కిస్తే డ్రయ్యర్ ఎప్పుడు వేసినా తగ్గింపు ధరే అని బోర్డు మీద రాశాక ఆ టెన్షన్ పోయింది. లైన్ల పని కోసం కరెంట్ తీసేది కూడా సరిగ్గా ఈ పగటి పూటే. ఫ్రంట్ లోడ్ మెషీన్ మధ్యలో ఆగితే తలుపు లాకై ఉంటుంది. ఒక అబ్బాయి ఇంటర్వ్యూ చొక్కా రెండున్నర గంటలు నీళ్లలో నానుతూ అద్దంలోంచి కనబడుతుంటే, ఆ పిల్లాడి మొహం చూడలేకపోయాను. ఇప్పుడు కరెంట్ ఆపుతున్నట్టు ముందురోజు తెలిస్తే రెగ్యులర్ కస్టమర్లకు వాట్సాప్‌లో పెడతాను.

కాలాన్ని బట్టి కూడా మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు డాబా మీద గంటలో ఆరిపోతాయి, డ్రయ్యర్ మీద తగ్గింపు ఎవడికి కావాలి? పైగా కాలేజీలకు సెలవులు. ఆ రెండు నెలలు పగటిపూట రగ్గులు, దుప్పట్లు, కర్టెన్లు తక్కువకు తీసుకుంటాను. ఇంట్లో బకెట్‌లో పట్టని బట్టలు కాబట్టి వస్తాయి. ముసురు పట్టినప్పుడు దీనికి పూర్తిగా రివర్స్, పగలు కూడా నిండిపోతుంది. ఒక జూలైలో వారం పాటు డిస్కౌంట్ ఎత్తేశాను, ఎలాగూ వస్తున్నారు కదా అని. రెగ్యులర్‌గా వచ్చే రైల్వే ఆయన ఏమీ అనలేదు, 150 ఇచ్చి వెళ్లిపోయాడు. మళ్లీ నెలన్నర కనబడలేదు. అప్పటి నుంచి వాన పడినా ధర మార్చను. 2023 జూలై చివర్లో వరదకు హంటర్ రోడ్, నయీంనగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు వచ్చిన బట్టలది ఇంకో కథ. బయట కుళాయి కింద బురద జాడించాకే మెషీన్‌లో వేయనిచ్చాను, లేకపోతే డ్రెయిన్ పంపు పోయేది.

ఆదివారం ధర పెంచవచ్చా అని కూడా అడిగారు. ‘ఆదివారం అదనం’ అని రాస్తే తిడతారు. నేను ఒక ఉగాదికి అందరికీ పది రూపాయలు పెంచి, శనివారం, ఆదివారం పొద్దున తప్ప మిగతా గంటలన్నిటికీ పాత ధరే ఉంచాను. లెక్క ఒకటే, ఒక్కరు కూడా గొడవపడలేదు.

మీ దగ్గర డ్రయ్యర్లు ఎన్నో రాయలేదు. ఆరు వాషర్లకు మూడే ఉంటే, డిస్కౌంట్ బోర్డు రాయించే ముందు నాలుగోది కొంటే ఎన్ని నెలల్లో డబ్బు తిరిగొస్తుందో లెక్క వేయండి. రెండు వారాల నోట్‌బుక్ అయ్యాక ఆ అంకెలు ఇక్కడే పెడితే చూసి చెబుతాను.