పోకర్ బల్ల దగ్గర ఒకతను మరీ ఎక్కువసేపు ఆలోచిస్తుంటే క్లాక్ అడగొచ్చా?

శ్రీకాకుళంలో ఆదివారాలు ఐదారుగురు స్నేహితులు ఇంట్లో కూర్చుని టెక్సాస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే అయిదు ముక్కలతో ఆడే పోకర్) ఆడుకుంటున్నామని రాశారు. ఒకతను ప్రతి ఆటకీ మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటున్నాడని, ఏమైనా అంటే నొచ్చుకుంటున్నాడని, క్లాక్ అడగడం, అంటే గడువు పెట్టి సెకన్లు లెక్కపెట్టమనడం, మర్యాదేనా అని మీ ప్రశ్న.

మర్యాదే. కానీ ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏ గొంతుతో అడిగారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాది విజయనగరం. చిన్నప్పటి నుంచి ఇంట్లో పదమూడు ముక్కలాట చూస్తూ పెరిగాను. పోకర్ మాత్రం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ఈ విషయంలో రెండు వైపులా తప్పు చేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట గోవాలో ఒక టోర్నమెంట్ ఆడాను. బల్ల చుట్టూ తొమ్మిది మందిమి. నా చేతిలో రాజుల జత, బోర్డు మీద, అంటే బల్ల మీది ఉమ్మడి ముక్కల్లో, మూడు ఆఠీన్లు. చివరి ముక్క పడ్డాక ఎదుటి ఆయన నా దగ్గరున్న చిప్స్‌లో సగానికి పైగా పందెం వేశాడు. మొదటి నిమిషం నిజంగానే ఆలోచించాను. ఫ్లాప్‌లో (మొదటి మూడు ఉమ్మడి ముక్కలప్పుడు) ఎంత వేశాడు, టర్న్‌లో (నాలుగో ముక్కప్పుడు) పందెం వేయకుండా ఎందుకు చెక్ చేశాడు, ఇప్పుడు ఇంత ఎందుకు వేశాడు అని. ఆ తర్వాతి రెండు నిమిషాల్లో కొత్తగా ఆలోచించింది ఏమీ లేదు. తప్పు చేస్తానేమోనన్న టెన్షన్‌తో చిప్స్ లేపుతూ దించుతూ కూర్చున్నాను. అప్పటికే ముక్కలు పారేసి (ఫోల్డ్ చేసి) ఉన్న పక్క పెద్దాయన డీలర్‌తో మెల్లగా "క్లాక్" అన్నాడు.

టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నియమాల ప్రకారం, తగినంత సమయం ఇచ్చామని నిర్వాహకుడికి అనిపిస్తేనే క్లాక్ ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక 25 సెకన్లు, ఆపైన 5 సెకన్ల లెక్క. అప్పటికీ తేల్చుకోకపోతే, ఎదుట పందెం ఉంటే ఆ ముక్కలు చచ్చినట్టే. పందెం లేకపోతే చెక్ కింద లెక్క. అయిదు, నాలుగు, మూడు అని వినబడుతుంటే నాకు నోరు పెగల్లేదు. నా రాజులు అలాగే పోయారు.

ఆ రాత్రి ఆయన మీద కోపం వచ్చింది. తర్వాత లెక్క వేసుకున్నాను. నిండు బల్ల దగ్గర గంటకి 25 నుంచి 30 ఆటలు నడుస్తాయి. అంటే ఒక్కో ఆట రెండు నిమిషాలు. నా మూడు నిమిషాల వల్ల మిగతా ఎనిమిది మందికీ ఒకటిన్నర ఆట పోయింది. టోర్నమెంట్‌లో బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలు) పెరిగేది గడియారాన్ని బట్టి, ఎన్ని ఆటలు పంచారన్నదాన్ని బట్టి కాదు. నేను చిప్స్ తిప్పుతూ కూర్చున్నంతసేపూ, కొద్ది చిప్స్‌తో నెట్టుకొస్తున్నవాళ్ళకి మంచి ముక్కలు వచ్చే అవకాశం తగ్గిపోతోంది. ఇది నాకు అంతవరకూ తట్టనే లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పెద్ద పందెం ఎదురైనప్పుడు నిమిషం, నిమిషంన్నర ఆలోచించడం ఎవరికైనా హక్కు, దానికి విసుక్కోకూడదు. అసలు ఆలస్యం మిగతా చోట్ల జరుగుతుంది. ఇతరులు ఆడుతున్నప్పుడు ఫోన్ చూసుకుంటూ, తన వంతు వచ్చాక "ఎవరు రైజ్ చేశారు, ఎంత?" అని మొదట్నుంచి అడగడం. పారేయాల్సిన ముక్కలే అని తెలిసీ గంభీరంగా కూర్చోవడం. ఆలోచన బయటపడకుండా ప్రతిసారీ ఒకే సమయం తీసుకోవాలనుకుంటే అయిదారు సెకన్లు చాలు. ఇక గెలిచే ముక్కలే చేతిలో పెట్టుకుని, కాల్ (ఆ పందేనికి ఒప్పుకుంటున్నాననడం) చెప్పకుండా ఎదుటివాణ్ణి ఊరిస్తూ కూర్చోవడం వేరే సంగతి, దాన్ని స్లో రోల్ అంటారు. అది ఆలస్యం కిందకి రాదు, అవమానం కిందకే వస్తుంది. నేను దాన్ని క్షమించలేను.

క్లాక్ అడిగేది ఆ ఆటలోంచి తప్పుకున్నవాళ్ళయితే మంచిది. పందెం వేసినవాడే అడిగితే, నియమం ఒప్పుకున్నా, ఇంట్లో అది ఒత్తిడి పెట్టినట్టే ఉంటుంది.

రెండో తప్పు మా ఇంట్లోనే చేశాను. మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ జాతరకి, సిరిమానోత్సవానికి, చుట్టాలంతా మా ఇంటికి వస్తారు. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను, ముందు రోజు తొలేళ్ళు. ఆ రాత్రి ఎవరూ తొందరగా పడుకోరు. గుడికి వెళ్ళొచ్చాక చింతపిక్కలే చిప్స్‌గా పెట్టి అందరికీ పోకర్ నేర్పించాను. (డబ్బు మాత్రం పెట్టం. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, మీరూ పెట్టకండి.)

మా మావయ్యకి డెబ్బైకి దగ్గర. ప్రతిసారీ ముక్కలు మొహం దగ్గరికి తెచ్చుకుని చూసి, బోర్డు వైపు వంగి చూసి, మళ్ళీ తన ముక్కలు చూసుకునేవాడు. పిల్లలు ఆవలిస్తున్నారు. గోవాలో నేర్చుకున్నది గుర్తొచ్చి అందరి ముందూ "మావయ్యా, క్లాక్" అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. ముక్కలు బోర్లా పెట్టి, చింతపిక్కలు మా తమ్ముడి వైపు తోసి, బయట అరుగు మీద కూర్చున్నాడు.

కాసేపటికి అత్త నా దగ్గరికి వచ్చి, "ఆయనకి ఎడం కంట్లో శుక్లం ముదిరిపోనాదిరా. ఆపరేషన్ అంటే ఇనడు. ఆఠీనో డైమనో తెలక అలా సూసుకుంటన్నాడు. మీతో సెప్పడానికి నామోషీ" అంది.

నాకు ఏడుపొచ్చింది. అరుగు మీదకి వెళ్ళి పక్కన కూర్చుని తప్పైపోయిందన్నాను. మర్నాడు ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర సిరిమాను చూసి వచ్చేదాకా ఆయన నాతో మామూలుగా మాట్లాడలేదు.

తర్వాత పెద్ద అంకెల పేక కట్ట తెప్పించాను. అందులో డైమన్లు నీలం, కళావర్లు ఆకుపచ్చ, కాబట్టి ఒకదాన్ని ఇంకోటి అనుకునే పని లేదు. పంచేవాళ్ళు బోర్డు మీద పడ్డ ప్రతి ముక్కనీ, ప్రతి పందెం మొత్తాన్నీ పైకి చదవాలని పెట్టుకున్నాం. మావయ్యని బల్ల మధ్యలో, బోర్డుకి ఎదురుగా కూర్చోబెట్టాం. ఇప్పుడు ఆయన మాకంటే ముందే తేల్చేస్తాడు. ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు, కానీ ఆ కట్ట మాత్రం మార్చొద్దన్నాడు.

అందుకే మీ స్నేహితుడి విషయంలో ముందు కారణం కనుక్కోండి. కొత్తవాడైతే ఏ జత దేన్ని కొడుతుందో గుర్తుండక తడబడుతుండొచ్చు. అలాగైతే ఆ వరుస ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టండి. ఓడిపోతానన్న భయమైతే, ఎవరినీ వేలెత్తి చూపకుండా అందరికీ ఒకే పద్ధతి పెట్టుకోండి. వరల్డ్ పోకర్ టూర్‌లో 30 సెకన్ల గడియారం ఉంటుంది, అవసరమైతే వాడుకోవడానికి అదనపు సమయం చిప్స్ ఇస్తారు. ఇంట్లో అంత గట్టిగా అక్కర్లేదు. ఒక నిమిషం పెట్టుకుని, సాయంత్రం మొత్తానికి ఒక్కొక్కరికి మూడు రూపాయి బిళ్ళలు ఇవ్వండి. ఒక బిళ్ళ ముందుకు తోస్తే ఇంకో నిమిషం. పేక కలపకముందే ఈ మాట ఆ ఇంటివాళ్ళు చెప్పాలి.

అతనితో మాట్లాడేది మాత్రం బల్ల దగ్గర కాదు. ఆట అయ్యాక అతన్ని ఇంటి దాకా దింపడానికి మీరే వెళ్ళండి. "లేటు చేస్తున్నావు" అనకండి. "నీకు ఎక్కడ ఆగుతోందిరా?" అని అడిగి, అతను చెప్పేదాకా ఆగండి.